అంతర్జాలమున అజ్ఞాతవాసము
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగపాఠము)



గ్రంథాలయమున అడుగిడిన వారికి మొదట కనబడునవి రెండు. బీరువాలలోని పుస్తకములు ఒకటి. బల్లమీది రిజిస్టరు రెండవది. పుస్తకమును ఇంటికి గొనిపోవు ప్రతి చందాదారుడును ఆ రిజిస్టరునందు తన పేరు, పుస్తకము పేరు, తేదీ వ్రాసి సంతకము చేయును. పుస్తకము క్షేమముగా తిరిగివచ్చుటకై యేర్పడిన లెక్క అది. చదువరి మనస్సును కనిపెట్టుటకై యేర్పడినది కాదు. ఏ యువకుడు క్షయరోగమును గూర్చి చదివెనో, ఏ యిల్లాలు వివాహచట్టమును గూర్చిన పుస్తకము తీసికొనిపోయెనో రచ్చబండపై కూర్చుండి చెప్పెడి గ్రంథపాలకుని ఏ యూరును సహింపదు. ఈ మర్యాద ఒక దేశమునకు చెందినది కాదు. అమెరికా గ్రంథాలయ సంఘము 1939లో తాను స్వీకరించిన నీతినియమావళియందు, పాఠకులవలన తెలియవచ్చిన వారి స్వంత సంగతులను గోప్యముగా నుంచుట గ్రంథపాలకుని విధియని చేర్చినది.

నేడు గ్రామములలోని చదువులో పెద్దభాగము ఫోనులోనికి చేరినది. వార్తలు, పంటల ధరలు, పరీక్షా ఫలితములు, జబ్బుల వివరములు, స్తోత్రములు అన్నియు అందే కలవు. అచ్చటను రిజిస్టరు కలదు. అయితే చదువరి తన చేతితో దానిని వ్రాయడు. అతనికి కనబడకుండ అదియే వ్రాయబడుచుండును. అట్టివి రెండు. ఒకటి చదువరి ఫోనులో నుండును. రెండవది అతడు దర్శించిన వెబ్‌సైటువారి యింట నుండును. ఈ రెండు రిజిస్టర్ల భేదము తెలియకపోవుట పెక్కు చిక్కులకు మూలము. ఈనాటి ప్రసంగమంతయు ఆ భేదమును గూర్చియే.

వెబ్‌సైటును చూపు సాధనమును బ్రౌజరు అందురు. క్రోమ్, ఫైర్‌ఫాక్స్, సఫారి మొదలగునవి బ్రౌజర్లు. చూచిన పుటల జాబితాను బ్రౌజరు తనలో భద్రపరచుకొనును. దానితోపాటు కుకీ అనునది యొకటి కలదు. 1994లో నెట్‌స్కేప్ సంస్థలో పనిచేయుచుండిన లూ మాంటుల్లి యనునతడు దీనిని కల్పించెను. వచ్చినవాని చేతిలో వెబ్‌సైటు పెట్టి పంపు చిన్న చీటీ వంటిది కుకీ. మరల వచ్చినపుడు బ్రౌజరు ఆ చీటీని చూపును. వెబ్‌సైటు అతనిని గుర్తుపట్టును. అంగడిలో సగము కొనిన సామానుల పట్టిక మరునాటికిని నిలిచియుండుట దీని సౌకర్యము. నిన్న చెప్పుల జోడును చూచినవానిని ఈనాడు ప్రతి పుటయందును ఆ చెప్పుల ప్రకటనయే వెంటాడుట దీని వలని బాధ.

ఈ చీటీలను, జాబితాను మిగుల్చక చదువుకొనుటకై బ్రౌజర్లలో ఒక ప్రత్యేక విధానము వచ్చినది. 2005లో సఫారియందు మొదలై, 2008లో క్రోమ్‌నందును, 2009లో ఫైర్‌ఫాక్స్‌నందును చేరినది. క్రోమ్‌నందు దానిని ఇన్‌కాగ్నిటో అందురు. తక్కినవానియందు ప్రైవేట్ బ్రౌజింగ్ అందురు. తెలుగున అజ్ఞాత గవాక్షము అనవచ్చును. ఆ గవాక్షములన్నియు మూసిన వెంటనే అందు చూచిన పుటల జాబితాయు, అందు చేరిన కుకీలును తుడిచివేయబడును.

అనగా తుడువబడునది మొదటి రిజిస్టరు మాత్రమే. అన్నగారి ఫోనులో తన జబ్బును గూర్చి చదువుకొన్న తమ్ముని సంగతి అన్నగారికి తెలియదు. నెట్ సెంటరులో తన మెయిలు చూచుకొన్న విద్యార్థి గుర్తులు తరువాత కూర్చుండువానికి కనబడవు. ఇది చిన్న మేలు కాదు. కాని రెండవ రిజిస్టరును తుడుచు శక్తి ఆ గవాక్షమునకు లేదు. వెబ్‌సైటు తన యింట వ్రాసికొన్న లెక్క అట్లే యుండును. అజ్ఞాత గవాక్షములోనే యైనను తన పేరుతో లాగిన్ అయినవాడు ఆ వెబ్‌సైటునకు అజ్ఞాతుడు కాడు. ఇంటర్నెట్ ఇచ్చు సంస్థకును, వైఫై యజమానికిని చదివిన పుటలోని విషయము సాధారణముగా తెలియకున్నను, ఏ వెబ్‌సైటునకు పోయెనో తెలియుటకు అవకాశము కలదు. దించుకొన్న ఫైళ్లు ఫోనులో మిగిలియేయుండును.

ఈ భేదమును చదువుకొన్నవారును ఎరుగరు. చికాగో, హానోవర్ విశ్వవిద్యాలయముల పరిశోధకులు 2018లో ప్రకటించిన యొక పరిశోధనలో 460 మందిని ప్రశ్నించిరి. గూగుల్ ఖాతాలో లాగిన్ అయియున్నను, అజ్ఞాత గవాక్షమున వెదకిన మాటలు ఆ ఖాతాలో నమోదు కావని వారిలో సగమునకు మించినవారు నమ్మిరి. పేరులోని ప్రైవేట్ అను మాట వారిని మోసపుచ్చినది.

ఇక అసలు విషయమునకు వత్తము. రెండవ రిజిస్టరు మిగులుట యటుండ, వచ్చినవాడు అజ్ఞాత గవాక్షమున వచ్చెనను సంగతిని వెబ్‌సైటు పసిగట్టగలదా? గలదు. దీనిని గ్రహించుటకు విరాటపర్వ కథను స్మరించిన చాలును. పాండవులు వేషములు మార్చి, పేర్లు మార్చి మత్స్యదేశమున నుండిరి. దుర్యోధనుని వేగులవారు దేశములన్నియు గాలించియు వారిని కనుగొనలేకపోయిరి. అంతలో కీచకుడు రాత్రివేళ గంధర్వులచే చంపబడెనను వార్త హస్తినకు చేరెను. అంతటి బలశాలిని వట్టి చేతులతో చంపగలవారు లోకమున కొందరే యని లెక్కించి, ఆ పని భీమునిదే యని దుర్యోధనుడు ఊహించెను. వేషము పట్టియీయలేదు, చేత పట్టియిచ్చినది. అజ్ఞాత గవాక్షమునకు పట్టిన గతియు అట్టిదే. అది తన పేరు చెప్పదు. కాని సాధారణ గవాక్షము చేయు పనులను కొన్నింటిని అది చేయదు, లేక వేరువిధముగా చేయును. ఆ భేదమే గుర్తు.

ఒక ఉదాహరణము. అతిథి వచ్చినపుడు ఇంటివాడు, "అయ్యా, ఈ సంచి మీ యింట కొంతకాలము దాచెదరా?" అని యడిగెననుకొందురు గాక. సామాన్యుడు సరే యనును. గుర్తులు మిగుల్చరాదని వ్రతము పట్టినవాడు కాదనును. క్రోమ్‌నందు వెబ్‌సైట్లు ఫైళ్లను దాచుకొనుటకు ఒక ఏర్పాటుండెను. అజ్ఞాత గవాక్షమున ఆ ఏర్పాటు మూయబడియుండెను. వెబ్‌సైటు దానిని కోరి, కాదన్న సమాధానము రాగానే, వచ్చినది అజ్ఞాతుడని తేల్చుకొనుచుండెను. సఫారి పూర్వరూపములలోను ఇట్టిదే యొకటి యుండెను: అజ్ఞాత గవాక్షమున వెబ్‌సైటునకు దాచుకొనుటకు చోటు సున్నగా నుండెడిది, చిన్న అక్షరమును వ్రాయబోయినను తప్పు చూపెడిది.

ఈ ఉపాయమును వాడినవారిలో ముఖ్యులు పత్రికలవారు. పెక్కు అమెరికా పత్రికలు నెలకు కొన్ని వ్యాసములను ఉచితముగా చదువనిచ్చి, పిమ్మట చందా అడుగును. చదివిన వ్యాసముల లెక్కను కుకీలో వ్రాసికొనును. అజ్ఞాత గవాక్షమున పోయినవానికి ప్రతిసారియు లెక్క మొదటికి వచ్చును. బోస్టన్ గ్లోబ్ పత్రిక 2017లో అట్టివారిని గుర్తించి, లాగిన్ అయినగాని, చందా కట్టినగాని చదువరాదని ద్వారమున నిలుపసాగెను. చందాలవలన జీవించు గ్రంథాలయమున కూర్చుండి, పత్రికవారు చందా అడుగుట తప్పని చెప్పుట న్యాయము కాదు. విలేకరులకు జీతములీయవలెను గదా. కాని చందా ఎగవేయువానిని పట్టుకొను వలలోనే, ప్రాణభయముతో దాగినవారును పడుదురు. చిక్కు అచ్చట నున్నది.

గూగుల్ సంస్థ 2019 జూలైలో ఈ విషయమును బహిరంగముగా చెప్పినది. రాజకీయ పీడనము గలచోట్లను, ఇంటిలో హింస గలచోట్లను ఉన్నవారికి, తాము చూచినదానినే కాక, అజ్ఞాత గవాక్షమును వాడిన సంగతిని సయితము దాచుకొనవలసిన గట్టి కారణములుండునని ఆ సంస్థ పేర్కొన్నది. ఆ నెలాఖరున వచ్చిన క్రోమ్ 76వ రూపమున పైన చెప్పిన ద్వారము మూయబడినది. చందా విషయమై పత్రికలవారికి వేరు మార్గములను సూచించినది: ఉచిత వ్యాసములను తగ్గించుట, పేరు నమోదు చేయించుకొనుట మొదలగునవి.

అంతటితో తీరినదా? లేదు. కొద్దికాలములోనే పరిశోధకులు మరి రెండు గుర్తులను చూపిరి. మొదటిది గాదె కొలత. నీకు ఎంత చోటున్నదని వెబ్‌సైటు అడుగగా, సాధారణ గవాక్షము యంత్రములోని డిస్కును బట్టి పెద్దలెక్క చెప్పును. అజ్ఞాత గవాక్షము తాత్కాలికమైన జ్ఞాపకశక్తిలోనే దాచును గనుక, ఆనాటి క్రోమ్ 120 మెగాబైట్లకు మించని చిన్నలెక్క చెప్పెడిది. గాదె చిన్నదైనచో వచ్చినవాడు అజ్ఞాతుడన్నమాట. రెండవది కాలము కొలత. పలకమీద బలపముతో వ్రాయుటకును, తాటాకుమీద గంటముతో వ్రాయుటకును పట్టు కాలము ఒకటి కాదు. అట్లే జ్ఞాపకశక్తిలో వ్రాయుట వేగముగా జరుగును; డిస్కుమీద వ్రాయుట నెమ్మదిగా జరుగును. వెబ్‌సైటు కొంత వ్రాయించి, పట్టిన కాలమును కొలిచి, వ్రాసినది పలకయో తాటాకో ఊహించుకొనును. ఒక ద్వారము మూసినచో మరియొకటి తెరవబడుచున్నది. ఈ పోటీ నేటికిని ముగియలేదు.

ఈ విషయము న్యాయస్థానమునకును ఎక్కినది. అజ్ఞాత గవాక్షమున తిరిగినవారి సమాచారమును గూగుల్ సేకరించుచున్నదని 2020 జూన్‌లో కాలిఫోర్నియాలోని ఫెడరల్ న్యాయస్థానమున దావా పడినది. 2024 ఏప్రిల్‌లో రాజీ షరతులు బయటపడినవి. అట్లు సేకరించిన వందలకోట్ల నమోదులను నాశనము చేయుటకును, అజ్ఞాత గవాక్షపు హెచ్చరికను స్పష్టముగా వ్రాయుటకును, ఎవరు ఆ గవాక్షమును వాడుచున్నారో పసిగట్టు గుర్తులను తొలగించుటకును ఆ సంస్థ ఒప్పుకొన్నది. ఆ బ్రౌజరును నిర్మించినవారి లెక్కలలోనే అజ్ఞాతులను పట్టు గుర్తులుండెనని ఈ వ్యాజ్యమువలన లోకమునకు తెలిసినది. కావున గవాక్షము పేరును చూచి నమ్మక, అది తెరచినపుడు కనబడు హెచ్చరికను ఒక్కసారి నిదానముగా చదువుట అందరికిని మేలు.

కుకీ లేకున్నను మనుష్యుని గుర్తుపట్టు మరియొక విద్య కలదు. దానిని బ్రౌజరు వ్రేలిముద్ర యందురు. తెర కొలత, యంత్రము జాతి, అందలి అక్షరరూపములు, గడియారపు మండలము, కోరుకొన్న భాష మొదలగు చిన్న వివరములను బ్రౌజరు అడిగిన వెబ్‌సైటునకెల్ల చెప్పును. ఒక్కొక్కటి అల్పమే. అన్నియు కలిసిన, ఊరిలో కుంటినడక, తెల్లమీసము, ఎఱ్ఱతలపాగా మూడును గల మనుష్యుడు ఒక్కడే యైనట్లు, ఆ బ్రౌజరును లక్షలలో ఒక్కదానినిగా చూపును. అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ 2010లో 4,70,161 బ్రౌజర్లను పరీక్షింపగా, నూటికి 83.6 వంతులు తమవంటిది మరియొకటి లేని వ్రేలిముద్ర కలిగియుండెను. తెలుగువారికి ఇందు ఒక విశేషము కలదు. తన బ్రౌజరునందు తెలుగును మొదటి భాషగా కోరుకొన్నవాడు పరదేశపు వెబ్‌సైటునకు పోయినపుడు, ఆ కోరికయే అతనిని వేలమందినుండి వేరుచేసి చూపును. అంతమాత్రమున తెలుగును మానుమని కాదు. వేషములో ఎన్ని సంగతులు పలుకునో తెలియుటకు చెప్పబడినది.

తప్పు చేయనివాడు దాచుకొననేల యని కొందరు వాదింతురు. ఇంటికి తలుపు పెట్టుకొన్నవాడు దొంగయా? వైద్యునితో చెప్పిన మాట, అప్పు కొరకు చేసిన ప్రయత్నము, కూతురి వివాహవిషయమున సాగిన విచారణ, ఇవి తప్పులు కావు. అయినను బజారుకు చెప్పదగినవియు కావు. 2017 ఆగస్టు 24వ తేదీన పుట్టస్వామి వ్యాజ్యమున భారత సర్వోన్నత న్యాయస్థానములోని తొమ్మండుగురు న్యాయమూర్తులు, వ్యక్తి గోప్యత రాజ్యాంగమిచ్చిన ప్రాథమిక హక్కులలోనిదని ఏకగ్రీవముగా తీర్పు చెప్పిరి. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకై పార్లమెంటు చట్టము చేసినది. ఇచ్చిన సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి యిచ్చినదై యుండవలెననియు, ఇచ్చుట యెంత సులభమో మరల్చుకొనుటయు అంత సులభముగా నుండవలెననియు అందు కలదు. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటింపబడి, అంచెలంచెలుగా అమలునకు వచ్చునట్లు ఏర్పాటు జరిగినది. చట్టము గొడుగు వంటిది. వాన వచ్చినపుడు దానిని విప్పుకొనవలసినవాడు పౌరుడే.

ఇంతవరకు విన్నవారు, అయినచో చేయవలసిన దేమని యడుగుదురు. కొన్ని మాటలు చెప్పవలసియున్నవి.

మొదటిది, అజ్ఞాత గవాక్షమును త్రోసివేయరాదు. దాని పనికి దానిని వాడవలెను. పరుల ఫోనులోను, నెట్ సెంటరులోను, గ్రంథాలయపు కంప్యూటరునందును తన ఖాతా తెరువవలసివచ్చినచో ఆ గవాక్షముననే తెరువవలెను. పని ముగిసిన పిమ్మట లాగిన్ నుండి బయటకు వచ్చి, అట్టి గవాక్షములన్నింటిని మూయవలెను. ఒక్కటి తెరచియుంచి మరియొకటి మూసినచో కుకీలు చెరిగిపోవు. పాస్‌వర్డును దాచెదనా యని యంత్రము అడిగినచో వలదనవలెను. దించుకొన్న పత్రములను తుడువవలెను.

రెండవది, కుకీల విషయము. దర్శించిన వెబ్‌సైటు పెట్టు చీటీ యొకటి. ఆ పుటలో దాగియున్న ప్రకటనకర్త పెట్టు చీటీ మరియొకటి. చదువరిని ఊరూర వెంటాడునది ఈ రెండవదే. సఫారి దీనిని 2020నుండి పూర్తిగా ఆపుచున్నది. ఫైర్‌ఫాక్స్ 2022నుండి ఒక్కొక్క వెబ్‌సైటు చీటీలను వేరువేరు జాడీలలో నుంచుచున్నది. క్రోమ్‌నందు సాధారణ గవాక్షమున దీనిని ఆపవలెనన్న, సెట్టింగులలోనికి పోయి వాడుకరియే ఆపవలెను.

మూడవది, వీపీఎన్ అను సాధనములను అమ్మువారి మాట. అది చదువరి చిరునామాను వెబ్‌సైటునకు తెలియనీయదు, నిజమే. కాని ఇంటర్నెట్ సంస్థకు తెలియు సంగతులు ఇపుడు ఆ అమ్మువానికి తెలియును. నమ్మకము తొలగలేదు, చేతులు మారినది. ఉచితముగా ఇచ్చువాడు దేనివలన జీవించుచున్నాడో ఆలోచింపవలెను. నిజముగా ప్రమాదమున నున్నవారికై టోర్ బ్రౌజరు కలదు. అది రాకపోకలను మూడు మజిలీల మీదుగా త్రిప్పి, తన్ను వాడువారందరును వీలైనంతవరకు ఒక్కతీరుగా కనబడునట్లు చేయును. గుంపులో అందరికిని ఒకే దుస్తులు తొడిగినచో ఒక్కని గుర్తించుట కష్టము గదా. అందునను తన పేరుతో లాగిన్ అయినవానికి దాపరికము లేదు.

నాల్గవది, బ్రౌజరును కాపాడుకొని యాప్‌లకు తలుపులు తీయరాదు. తెలుగు రాష్ట్రములలో 2020లో అప్పుల యాప్‌ల వలన జరిగిన దారుణము పలువురికి జ్ఞాపకముండును. ఫోనులోని బంధుమిత్రుల నంబర్లను చేజిక్కించుకొని, వారికెల్ల ఫోనుచేసి అప్పుపడినవానిని అవమానించిరి. కొందరు ప్రాణములు తీసికొనిరి. అట్టి యాప్‌లు నంబర్ల జాబితాను ముట్టరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించినది. నంబర్లు, స్థానము, ఫొటోలు అడుగు యాప్‌నకు అవసరమేమని ప్రశ్నించి, అవసరము లేనిచో అనుమతి నిరాకరింపవలెను. సొమ్ము మోసపోయినవారు ఆలసింపక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

అయిదవది, ఇంట హింసకు గురియగు స్త్రీ విషయము. భర్త ఫోనులో సహాయమునకై వెదకవలసివచ్చినచో అజ్ఞాత గవాక్షము ఆమెకు కొంత రక్ష. కాని మహిళా సహాయ సంఖ్య యగు 181కి చేసిన ఫోను, పిలుపుల జాబితాలో మిగులును. ఆ గవాక్షము దానిని తుడువదు. ఆ ఫోనులో నిఘా యాప్ పెట్టబడియుండినచో గవాక్షమును ఏమియు చేయలేదు. అట్టి సోదరికి నమ్మకమైన ఇంటివారి ఫోనుకంటెను, గ్రంథాలయపు కంప్యూటరుకంటెను మేలైనది లేదు.

కడపట గ్రంథాలయమును గూర్చి. గ్రంథాలయపు కంప్యూటరు ముందు కూర్చుండువారి తెర ఇతరులకు కనబడని దిక్కునకు త్రిప్పియుంచవలెను. ఒకరు లేచిన పిమ్మట గుర్తులు చెరుగు ఏర్పాటుండవలెను. వచ్చినవారి పేరును, సమయమును వ్రాసికొనవలసియున్నచో వ్రాసికొనవచ్చును. వారేమి చదివిరో వ్రాయవలసిన పనిలేదు. ఎవరైన వచ్చి ఫలానావారు ఏమి చదివిరని యడిగినచో, పుస్తకముల రిజిస్టరు విషయమున చెప్పు సమాధానమే చెప్పవలెను.

పాండవుల అజ్ఞాతవాసము ఒక సంవత్సరముతో ముగిసెను. వారికి విరాటుని కొలువు నీడనిచ్చెను. నేటి చదువరికి అట్టి నీడ ఏ గవాక్షమును సంపూర్ణముగా నీయజాలదు. తెలివియు, చట్టమును, ఇరుగుపొరుగువారి మర్యాదయు కలిసి ఈయవలెను. ఇరువదియైదేండ్లుగా చదువరి గుట్టును బజారున పెట్టని ఈ గ్రంథాలయము, కొత్తయంత్రముల విషయమునను ఆ మర్యాదనే నిలుపుకొని, స్వర్ణోత్సవము జరుపుకొనుగాక.